కష్టకాలంలో దేవుని ఉద్దేశం

ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ముందు ఆయాసపడే రోగుల్ని చూసినపుడు "దేవుడుంటే ఈ బాధలెందుకు?" అనిపించక మానదు. జవాబు తేలిక కాదు గాని, ఒంగోలు క్రైస్తవుల చరిత్ర కొంత దారి చూపుతుంది.

అమెరికన్ బాప్టిస్టులు 1836లో తెలుగువారి మధ్య సేవ ప్రారంభించారు. ఫలితం బహు స్వల్పం. 1848, 1853, 1862లలో మిషన్ మూసేద్దామనే మాట వచ్చింది. అయినా కొందరు వదలక నిలిచారు. 1867 జనవరి 1న ఒంగోలులో ఎనిమిదిమందితో, క్లౌ దొరగారి ఆధ్వర్యాన సంఘం ఏర్పడింది.

పదేళ్లు నిండకముందే 1876-78 కరువు. దక్షిణాదిన లక్షలాదిమంది చనిపోయారు. సర్వే పని తెలిసిన దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి చూపారు. చాలామంది బాప్తిస్మం అడిగారు. గంజి కోసం కలిశారన్న మాట రాకూడదని, కరువు సాయం ముగిసేదాకా ఆయన ఇవ్వలేదు. సాయం ఆగింది, జనం ఆగలేదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఊరి బయట ఉంచబడిన మాదిగలే వారిలో ఎక్కువ.

కరువును దేవుడే కోరి పంపాడని నేననను. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో ఆ మాట అనగలమా? కాని కరువులోనూ ఆయన తమను విడువలేదని ఆ జనం నమ్మారు. దేవుని ఉద్దేశం కష్టం నడుమ కనబడకపోవచ్చు. చాలాకాలానికి, వెనుదిరిగి చూసినపుడు తెలుస్తుంది. మిత్రులారా! అంతదాకా పక్కవాడికి ఇంత పని, ఇంత గంజి చూపడమే మన విశ్వాసానికి పరీక్ష.