పుట్టుకతో వచ్చిన బుద్ధి

పిల్లలూ! చంటిపాప ముందు ఒక కొత్త గిలక ఆడించి చూడండి. ఒక పాప కేరింతలు కొట్టి చెయ్యి చాస్తుంది. ఒక పాప కళ్ళప్పగించి చూస్తూ ఊరుకుంటుంది. మరొక పాప గుక్కపట్టి ఏడుస్తుంది. వీళ్ళకింకా మాటలే రావు. మరి ఈ తేడా ఎక్కడిది?

ఈ సంగతి తేల్చాలని 1956లో న్యూయార్కు నగరంలో స్టెల్లా చెస్, అలెగ్జాండర్ థామస్ అనే వైద్య దంపతులు పూనుకున్నారు. 133 మంది పసిపిల్లలను, వాళ్ళు పెరిగి పెద్దవాళ్ళయేదాకా గమనిస్తూ వచ్చారు. పాప ఎంత చురుకుగా కదులుతుంది? వేళకు నిద్రపోతుందా? కొత్తవారిని చూసి జంకుతుందా? ఇలాంటి లక్షణాలు తొమ్మిది చూశారు.

వందకు సుమారు 40 మంది వేళకు తిని, నిద్రపోయి, నవ్వుతూ ఉండేవారు. 10 మంది ప్రతిదానికీ మారాం చేసేవారు. 15 మంది కొత్తలో ముడుచుకుపోయి, మెల్లమెల్లగా కలిసేవారు. మిగిలినవారు ఏ కోవకూ చెందలేదు.

"ఐతే పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదా?" అని మీరడగవచ్చు. ఆ సామెత సగమే నిజం. న్యూజీలాండులోని డునెడిన్‌లో 1972–73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లలను శాస్త్రజ్ఞులు గమనిస్తూ వచ్చారు. మూడో ఏటి స్వభావపు జాడలు 26వ ఏట కూడా కనిపించాయి. కాని అవి జాడలు మాత్రమే. వయసుతోబాటు చాలామందికి నిదానమూ, బాధ్యతా అలవడతాయి. పిల్లవాడి తీరుకు తగినట్టు పెద్దలు మసలుకుంటే మారాం చేసేవాడు కూడా చక్కగా పెరుగుతాడని ఆ దంపతులు గ్రహించారు.

ఇది తెలియక నేనొక పొరపాటు చేశాను. పంతులుగా చేరిన కొత్తలో, పాఠం అప్పజెప్పలేక నిలబడిపోయిన ఒక కుర్రవాణ్ణి నలుగురిలో "మొద్దు" అన్నాను. మర్నాటినుంచి వాడు బడికి రాలేదు. వాడి తల్లి వచ్చి, "అయ్యా, వీడు చంటివాడుగా ఉన్నప్పుడూ అంతేనండి. కొత్తవారిని చూస్తే నా కొంగుచాటున దాక్కునేవాడు. నాలుగుసార్లు చూశాక వాళ్ళ ఒళ్ళోనే కూర్చునేవాడు," అన్నది.

నాకు సిగ్గు వేసింది. వాణ్ణి పిలిపించి, మొదట నా ఒక్కడి ముందే పాఠం చెప్పించాను. తరవాత ఇద్దరు స్నేహితుల ముందు. సంక్రాంతి సెలవులు వచ్చేసరికి తరగతి అందరి ముందూ గొంతెత్తి చెప్పాడు. వాడు మొద్దు కాడు, మెల్లగా కలిసేవాడు, అంతే!

కనుక పిల్లలూ, చుట్టాలను చూసి మీ తమ్ముడో చెల్లెలో తలుపుచాటున దాక్కుంటే వెక్కిరించకండి. అమ్మలూ, నాన్నలూ, "మావాడు ఉత్త పిరికివాడు," అని వాడి ఎదుట అనకండి. నాలుగోసారి దాకా ఓపిక పట్టండి. వాడే బయటికి వస్తాడు.