38 మందిలో ఒక్కరు: కద్మాలో మీటింగు వెతుక్కునేవారికి కొన్ని లెక్కలు

మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఏదో ఒక సాయం అందుతున్నది ఒక్కరికే. ఆస్పత్రిలో చేరి వైద్యం చేయించుకునేవారైతే 180 మందిలో ఒకరు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ దేశమంతా తిరిగి చేసి, 2019లో వెలువరించిన సర్వే చెప్పిన మాట ఇది. జార్ఖండ్‌లో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 35 శాతం మంది తాగుతారని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంటోంది. తెలంగాణలో అది 43 శాతం. కాబట్టి ఇదంతా ఈ ఊరి నీళ్ల మహిమ అని జంషెడ్‌పూర్ కద్మాలోని తెలుగువాళ్లు తప్పించుకోవడానికి లేదు.

తాగుడు మానడానికి వెళ్లే మీటింగు కంటే ముందు చూసుకోవలసింది ఒకటుంది. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే 6 నుంచి 24 గంటల్లో చేతులు వణకడం, చెమటలు మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి మతి తప్పి, లేనివి కనబడతాయి. ఇందులో ప్రాణాలు పోయినవాళ్లున్నారు. ఇంట్లో గది తలుపు వేసి కాపలా కాసే పని కాదిది, డాక్టరు పని. టాటా మెయిన్ హాస్పిటల్ బిష్టుపూర్‌లోనే ఉంది. అక్కడితో తీరకపోతే రాంచీ కాంకేలో 1918 నాటి కేంద్రీయ మనోచికిత్సా సంస్థ ఉంది. వ్యసనాల కోసమే దానిలో ప్రత్యేక విభాగం నడుస్తోంది. దూరం సుమారు 130 కిలోమీటర్లు.

ఆ గండం దాటాక మీటింగు. ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ ఏఏ అనేది, 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఇద్దరు తాగుబోతులు కలుసుకోవడంతో పుట్టింది. ఒకాయన షేర్ల వ్యాపారి, ఇంకొకాయన సర్జన్. మన దేశానికి 1957లో వచ్చింది. ఫీజు లేదు, దరఖాస్తు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. పని చేస్తుందా? 2020లో కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, 10,565 మందిని కలిపి చూసింది. ఏఏ దారి పట్టించిన వారిలో ఏడాది తర్వాత చుక్క ముట్టనివారు 42 శాతం. ఇతర మానసిక చికిత్సలు తీసుకున్నవారిలో 35 శాతం. తేడా నూటికి ఏడుగురే, కానీ పైసా ఖర్చు లేని పద్ధతికి అది చిన్న సంగతి కాదు. అదే లెక్కను తిప్పి చదివితే ఏఏ దారి పట్టినవారిలో నూటికి 58 మంది మళ్లీ తాగారు. అందుకే మళ్లీ తాగి వచ్చినవాణ్ణి ఏఏలో గెంటేయరు.

వెళ్తూ ఉన్నవాళ్లకే దాని ఫలితం దక్కుతుంది. కాబట్టి మంచి మీటింగు అంటే మీరు మానకుండా వెళ్లగలిగిన మీటింగు. కంపెనీ ఊళ్లో దీనికి మొదటి అడ్డు షిఫ్టు. ఎనిమిది గంటల పనిదినం 1912లోనే వచ్చిన ఊరిది. వారానికోసారి షిఫ్టు మారే మనిషి సాయంత్రం 7 గంటల మీటింగును నమ్ముకుంటే, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 దాకా ఉండే బీ షిఫ్టులో పడిన వారమల్లా పోయినట్టే. ఏడాదికి 52 వారాల్లో 17. రెండో మీటింగు, ఆన్‌లైన్‌దైనా సరే, ముందే చూసి పెట్టుకోవాలి.

రెండో అడ్డు భాష, పరువు. హిందీలో బజారు నడుస్తుంది, డ్యూటీ నడుస్తుంది. కానీ పెళ్లాం మంగళసూత్రం తాకట్టు పెట్టి తాగానని పదిమందిలో చెప్పుకోవాలంటే చాలామందికి తెలుగే కావాలి. తీరా తెలుగు మీటింగుకెళితే ఎదుటి కుర్చీలో రామమందిరంలో కనిపించే పెద్దాయన ఉంటే? నా మటుకు నాకు, మొదటి రెండు నెలలు ఎవరూ ఎరగని హిందీ మీటింగే మేలనిపిస్తుంది. ఈలోగా ఫోనులో హైదరాబాదు, విశాఖ గ్రూపులను వాకబు చేయొచ్చు.

ఒక్క మీటింగు చూసి తేల్చేయకండి. ఒక్కో గ్రూపుది ఒక్కో తీరు. అయితే డాక్టరిచ్చిన మాత్రలు ఆపేయమనే చోటు, డబ్బు అడిగే చోటు అయితే రెండోసారి వెళ్లనక్కర్లేదు. ఆడవాళ్ల సంగతి వేరు. ఎయిమ్స్ సర్వే ప్రకారం తాగే 17 మంది మగవాళ్లకు ఒక ఆడమనిషి, అంటే గదిలో ఆమె ఒక్కతే కావచ్చు. ఆమెకు ఆన్‌లైన్‌లో మహిళల మీటింగు నయం. తాగే మనిషి కదలకపోయినా ఇంట్లోవాళ్లు వెళ్లడానికి 1951లో మొదలైన అల్‌-ఆనన్ ఉంది. చిరునామాలకు ముంబైలోని ఏఏ కార్యాలయాన్ని, వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446ను అడగొచ్చు. మనసు బాగోలేక తెలుగులో మాట్లాడాలంటే 14416.

తెలుగు మీటింగు దొరక్కపోతే పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తాగుడు మానడం కోసం ఇద్దరు ముగ్గురు కలిస్తే అదే గ్రూపని ఏఏ సంప్రదాయమే చెబుతుంది. కద్మాలో పెట్టేవాళ్లు వారానికి రెండు సమయాలు వేసుకోవాలి: ఒక సాయంత్రం 7కి, ఒక పొద్దున 11కి. ఏ షిఫ్టుకైనా ఈ రెండింటిలో ఒకటి అందుతుంది.