టమోటా పారబోసే ముందు ఒక బుట్ట ఇంటికి తెచ్చుకోండి

మండీలో ధర అడిగితే కోత కూలి కూడా రాదంటారు. వదిలేద్దామంటే పండు చెట్టు మీదే మెత్తబడిపోతుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు టమోటా పెట్టిన రైతులకు ఈ బాధ కొత్త కాదు. 2023 జులై చివర్లో మదనపల్లె మార్కెట్లో మేలురకం కిలో 200 రూపాయల దాకా పలికింది. సెప్టెంబరుకల్లా పత్తికొండలో పది రూపాయలు కూడా రాక రైతులు రోడ్డున పోశారు.

సాస్ చేస్తే ట్రాక్టరు లోడు నష్టం తీరుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అయితే అంగట్లో సీసా కొనే ఖర్చు తప్పుతుంది, మంచి పండు మట్టిపాలు కాదు.

బాగా ఎర్రబారిన, గట్టి పండ్లే ఏరండి. బూజు పట్టినవి, నల్లమచ్చ ఉన్నవి వద్దు. నాటు రకంలో నీరెక్కువ, మరగడానికి చాలాసేపు పడుతుంది. కండ ఉన్న హైబ్రిడ్ రకాలు మేలు. కడిగి, ముక్కలు కోసి, నీళ్లు పోయకుండా ఉడికించి జల్లెడలో రుద్దితే తొక్క, గింజ పైన నిలుస్తాయి.

కిలో గుజ్జుకు చక్కెర 75 గ్రాములు, ఉప్పు 10 గ్రాములు, ఉల్లిపాయ 50 గ్రాములు, అల్లం 10, వెల్లుల్లి 5, కారం 5 గ్రాములు, నాలుగైదు లవంగాలు, కాస్త దాల్చినచెక్క, మిరియాలు, జీలకర్ర కావాలి. ఉల్లి, వెల్లుల్లి తినని ఇళ్లవారు వాటిని మానేయొచ్చు. దినుసులన్నీ కచ్చాపచ్చాగా దంచి పలుచని గుడ్డలో మూటగట్టి గుజ్జులో వేయండి. బ్యాడిగి మిరప కారమైతే మంచి రంగొస్తుంది.

స్టీలు గిన్నెలోనే మరిగించాలి. ఇనుము, రాగి, ఇత్తడి పాత్రలైతే పులుపుకు రంగు, రుచి చెడతాయి. చక్కెరలో మూడోవంతు మొదట్లోనే వేస్తే ఎరుపు నిలుస్తుంది. ఉప్పు మాత్రం చివర్లోనే. పట్టుపురుగులు మేపే ఇళ్లలో మల్బరీ పుల్లలుంటాయి కాబట్టి గ్యాసు దండగ లేదు. అడుగంటకుండా కలుపుతూ మూడోవంతుకు దించండి. మూట పిండి తీసేసి మిగతా చక్కెర, ఉప్పు కలపండి. చుక్క పళ్లెంలో వేస్తే చుట్టూ నీరు ఊరకూడదు. అప్పుడు కిలో గుజ్జుకు 25 మిల్లీలీటర్ల లెక్కన, అంటే ఐదు టీస్పూన్లు, వెనిగర్ పోసి ఓ పొంగు రానిచ్చి దించండి. చింతపండు మనకు కొదవ లేదు గదా అని వెనిగర్ బదులు అది వేయకండి, రంగు నల్లబడుతుంది, నిల్వకూ భరోసా లేదు.

సీసాలను ముందే అరగంట మరిగించిన నీళ్లలో ఉంచి, సాస్ వేడిగా ఉన్నప్పుడే నింపి మూత బిగించండి. మళ్లీ అరగంట మరిగే నీళ్లలో ఉంచి, అందులోనే చల్లారనివ్వండి. కంపెనీలు వాడే సోడియం బెంజోయేట్ కిలో సాస్‌కు పావు గ్రాము చాలు. అంత తూచే త్రాసు మన ఇళ్లలో ఎక్కడుంటుంది? ఇంటి వాడకానికి అది లేకుండా చిన్న సీసాల్లో పోసుకోవడమే నయం. తెరిచిన సీసా ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా వాడేయండి. మూత ఉబ్బినా, నురగ కనిపించినా రుచి చూడకుండా పారేయండి.

మహిళా సంఘం తరఫున అమ్మాలనుకుంటే ముందు ఆహార భద్రత సంస్థ వద్ద నమోదు చేయించుకుని, ఆ నంబరు, తయారుచేసిన తేదీ సీసా మీద వేయాలి.