తొమ్మిదో మెట్టు గుమాస్తా

రష్యా చక్రవర్తి మొదటి పీటర్ 1722లో ఒక పట్టిక తయారు చేయించాడు. సైన్యం, రాజాస్థానం, పౌరపాలన అనే మూడు శాఖల్లోని కొలువులన్నిటినీ 14 తరగతులుగా విడగొట్టి, ఎవరు ఎవరికంటె పైవాడో, సభలో ఎవరికి ముందు పీట వేయాలో తేల్చి చెప్పిన ఈ ‘హోదాల పట్టిక’ మార్పులూ చేర్పులతో 1917 విప్లవం వరకూ నిలిచింది. పెద్దింట పుట్టినంత మాత్రాన పెద్దరికం రాదనీ, కొలువు చేసినవాడికే గౌరవం దక్కాలనీ పీటర్ ఉద్దేశం. తలచింది ఒకటైతే జరిగింది మరొకటి. వందేళ్లు తిరిగేసరికి ఎదుటివాణ్ణి మనిషిగా కాక తరగతిగా చూడటం ఆ దేశపు పట్టణాలకు అలవాటైపోయింది. పందొమ్మిదో శతాబ్దపు రష్యన్ సాహిత్యాన్ని ప్రేమ, పాపం, దైవం వంటి పెద్ద మాటలతో పరిచయం చేయడం పరిపాటి. ఆ మాటల్లో అబద్ధం లేదు గాని, ఆ సాహిత్యంలోని పాత్రల్లో ఎంతోమంది ఏ తరగతి ఉద్యోగులో రచయితలు మొదట్లోనే ఎందుకు చెబుతారో గ్రహించని పాఠకుడికి వారి బాధలో సగం అందదు.

పట్టికలో ఒకటో తరగతి అన్నిటికన్నా పైది, పద్నాలుగోది అట్టడుగుది. పౌరశాఖలో 8వ తరగతికి చేరిన ఉద్యోగికి వంశపారంపర్యమైన కులీన హోదా, అంటే తన పిల్లలకు కూడా సంక్రమించే ప్రభువర్గ స్థానం, లభించేది. 1845లో ఆ గీతను 5వ తరగతికి జరిపారు. మొదటి గీత అయిన 8వ తరగతికి సరిగ్గా ఒక మెట్టు కింద, 9వ తరగతిలో ఉన్నవాణ్ణి ‘టిట్యులార్ కౌన్సిలర్’ అనేవారు. చదువూ పలుకుబడీ లేనివాడు ఆ మెట్టు మీదే ముసలివాడై పోవడం సర్వసాధారణం కనుక, రష్యన్ రచయితలకు ఈ తొమ్మిదో తరగతి గుమాస్తా అక్షయపాత్రలా దొరికాడు. విమర్శకులు ఇతనికీ, ఇతని కోవకు చెందిన వారికీ ‘చిన్న మనిషి’ అని పేరు పెట్టారు. రావిశాస్త్రి ‘అల్పజీవి’లోని సుబ్బయ్యను ఎరిగిన తెలుగు పాఠకుడికి ఈ మనిషి స్వభావం బొత్తిగా కొత్తదేమీ కాదు.

ఈ కోవకు ఆద్యుడిగా చెప్పదగినవాడు పుష్కిన్ 1831లో ప్రచురించిన ‘బెల్కిన్ కథలు’లోని సామ్సన్ వీరిన్. అతడిది 14వ తరగతి. రహదారి మజిలీలో ప్రయాణికులకు గుర్రాలు మార్చి ఇచ్చే ఉద్యోగం. వచ్చేపోయే ప్రతివాడూ తిట్టిపోసే ఆ మనిషికి తన హోదా వల్ల కలిగే లాభమల్లా దెబ్బలు తప్పడమే, అదీ అన్నివేళలా కాదు. అతని ఒక్కగానొక్క కూతురు దూన్యాను ఒక అశ్వికదళాధికారి రాజధానికి తీసుకుపోతాడు. తండ్రి వెతుక్కుంటూ వెళితే ఆ అధికారి అతని చేతి మడతలో కొన్ని నోట్లు దోపి బయటికి పంపేస్తాడు. వీరిన్ ఆ నోట్లను నేలకు విసిరికొట్టి, మడమతో తొక్కి, నాలుగడుగులు వేసి, ఆగి, ఆలోచించి, వెనక్కి వస్తాడు. అప్పటికే వాటిని ఎవరో ఎత్తుకుపోయారు. పౌరుషాన్నీ పేదరికాన్నీ ఒక్క కదలికలో ఇమిడ్చిన ఈ ఘట్టం, కన్నీళ్ల కోసం రాసిన పేజీలకు పేజీలకన్నా ఎక్కువ చెబుతుంది.

1842లో వెలువడిన గొగోల్ కథ ‘ఓవర్‌కోటు’తో చిన్న మనిషి సెయింట్ పీటర్స్‌బర్గ్ కచేరీలోకి వచ్చాడు. గొగోల్ స్వయంగా కొంతకాలం అదే నగరంలో చిన్న గుమాస్తాగా పనిచేశాడు గనుక ఆ లోకం అతనికి కొట్టినపిండి. కథానాయకుడు అకాకీ అకాకియెవిచ్ 9వ తరగతివాడు, అతని జీతం ఏడాదికి 400 రూబుళ్లు, పని దస్తావేజులకు నకళ్లు రాయడం. ఒకసారి ఎవరో అతనిమీద జాలిపడి, శీర్షిక మార్చి, క్రియలను ఉత్తమ పురుష నుంచి ప్రథమ పురుషలోకి తిప్పే పని అప్పగిస్తే, చెమటలు పట్టి, తనకు నకలే ఇమ్మని వేడుకుంటాడు. కొత్త కోటుకు 80 రూబుళ్లు కావాలి. సాయంత్రం టీ మానేసి, కొవ్వొత్తి వెలిగించక, జోళ్లు అరగకుండా వీధిలో మునివేళ్ల మీద నడిచి అతడు పైకం కూడబెడతాడు. కాలరుకు మేలైన బొచ్చు చర్మం కొనే స్తోమత లేక, దూరం నుంచి చూస్తే తేడా తెలియదని పిల్లి చర్మం వేయిస్తాడు. తొడిగిన రోజు రాత్రే దొంగలు ఆ కోటును లాక్కుపోతారు.

ఇక్కడ గొగోల్ దృష్టి దొంగల మీద నిలవదు. కోటు వెతికించమని అకాకీ ఆశ్రయించిన ‘ప్రముఖ వ్యక్తి’కి కథలో పేరే లేదు. ఇటీవలే పెద్ద హోదా సంపాదించిన ఆ మనిషి తోటివారితో మంచిగానే ఉంటాడు. తనకన్నా ఒక్క తరగతి తక్కువవాడు గదిలో ఉన్నా సరే, నోరు మెదపకుండా బిగుసుకుపోతాడు. కిందివారిని గద్దించే గొంతును అద్దం ముందు నిలబడి అభ్యాసం చేసినవాడతడు. ఆ గద్దింపుకు స్పృహతప్పిన అకాకీ జ్వరంతో చనిపోతాడు, ఆ సంగతి కచేరీకి కొన్నాళ్ల తరువాత గాని తెలియదు, తెలిసిన మర్నాడే అతని కుర్చీలో మరికాస్త ఏటవాలు దస్తూరీ గల కొత్త గుమాస్తా కూర్చుంటాడు. తరువాత దయ్యమై వచ్చి ఆ ప్రముఖుడి కోటే లాక్కోవడం చాలామందికి నచ్చే భాగమైనా, కథకు అసలు బలం ఆ అద్దంలోనూ ఈ దస్తూరీలోనూ ఉంది. పట్టిక కిందివాణ్ణి ఎలా నలిపిందో, పైవాడి మంచితనాన్నీ అలాగే నలిపిందని గొగోల్ నవ్వుతూనే చూపించాడు.

నాలుగేళ్ల తరువాత, 1846లో, 24 ఏళ్ల దోస్తోయెవ్‌స్కీ తన తొలి నవల ‘పేదజనం’లో ఒక అపూర్వమైన పని చేశాడు. ఉత్తరాల రూపంలో సాగే ఆ నవలలో నడివయసు గుమాస్తా మకార్ దేవుష్కిన్, అతడూ 9వ తరగతివాడే, పుష్కిన్ కథనూ గొగోల్ కథనూ స్వయంగా చదువుతాడు. వీరిన్ కథకు కరిగిపోయి, అచ్చం తన బతుకే అంటాడు. ‘ఓవర్‌కోటు’ మాత్రం అతనికి ఒళ్లు మండిస్తుంది: తాను జోళ్లు అరగకుండా ఎలా నడుస్తాడో, టీ ఎందుకు తాగడో పొంచి చూసి అచ్చువేసే హక్కు రచయితకు ఎవరిచ్చారని నిలదీస్తాడు, ఫిర్యాదు చేయాలంటాడు, కోటు దొరికినట్టూ అధికారి పిలిచి హోదా పెంచినట్టూ ముగిస్తే ఏం పోయేదంటాడు. అతని సాహిత్యాభిరుచి పాఠకుడికి నవ్వు తెప్పించవచ్చు. కాని అంతవరకూ చిన్న మనిషిని చూసి ఇతరులు జాలిపడ్డారే తప్ప, ఆ జాలి తనకెలా గుచ్చుకుంటుందో అతడు నోరు తెరిచి చెప్పిన సందర్భం లేదు. అదే నవలలో ఉన్నతాధికారి ఎదుట దేవుష్కిన్ యూనిఫాం బొత్తాం తెగి నేలమీద దొర్లిపోతుంది, అతడు దాని వెంట పడతాడు. అతని దుస్థితి చూసిన అధికారి వంద రూబుళ్లు ఇచ్చి, చేయి కలుపుతాడు. ఆ వందకన్నా ఆ కరచాలనమే తనకు విలువైనదని దేవుష్కిన్ రాసుకుంటాడు.

ఇరవయ్యేళ్ల తరువాత వచ్చిన ‘నేరము-శిక్ష’లో తాగుబోతు మర్మెలాదోవ్ కూడా టిట్యులార్ కౌన్సిలరే. ఆ నవలలోని విద్యార్థి రస్కోల్నికోవ్ మనుషులను సామాన్యులు, అసామాన్యులు అని రెండు జాతులుగా విడదీసి, రెండో జాతివారికి హత్య చేసే హక్కు కూడా ఉంటుందని వాదిస్తాడు. దీన్ని పాశ్చాత్య తత్త్వశాస్త్ర ప్రభావంగా వివరించడం కద్దు. అయితే 14 మెట్లను రెండుకు కుదించి, పై మెట్టు మీద తాను నిలబడగలనో లేదో గొడ్డలితో తేల్చుకోబోయిన కుర్రవాడు ఆ పట్టిక పెంచిన బిడ్డ కూడా అనడం అసంగతం కాదు.

రష్యన్ విమర్శలో ‘చిన్న మనిషి’కి జోడుగా వినిపించే మరో పేరు ‘అనవసరపు మనిషి’: చదువు, ఆస్తి, తెలివి అన్నీ ఉండి, వాటిని పెట్టవలసిన చోటు దొరకక వాడిపోయే ప్రభువర్గ యువకుడు. పుష్కిన్ ఒనేగిన్, లెర్మొంతోవ్ పెచోరిన్ ఈ వరుసలో ముందువారు. 1850లో తుర్గెనేవ్ కథ ఒకటి ఈ పేరును స్థిరపరచింది. గొంచరోవ్ 1859 నాటి నవలలోని ఒబ్లోమోవ్ 10వ తరగతిలో ఉండగా ఉద్యోగం వదిలేసి, విశాలమైన అంగీ తొడుక్కుని సోఫా మీద పడుకున్నవాడు. అతణ్ణి సోమరి అని తోసివేసేవారు, ఆ పడక వెనుక మూడువందల మందికి పైగా అర్ధబానిస రైతుల చాకిరీ ఉందన్న సంగతిని లెక్కలోకి తీసుకోవాలి.

1883లో, ఇంకా వైద్యవిద్యార్థిగా ఉన్న చెహోవ్, చిన్న మనిషి సంప్రదాయాన్ని తలకిందులు చేశాడు. ‘గుమాస్తా మరణం’ కథలో నాటకశాలలో తుమ్మిన చిరుద్యోగి, ముందు వరుసలోని పెద్ద అధికారి మీద తుంపర పడిందని క్షమాపణ మొదలుపెడతాడు. ఆ అధికారి తన శాఖవాడు కూడా కాదు, ముందే పోనిమ్మన్నాడు. అయినా వెంటపడి వెంటపడి అతని చేత గద్దింపు తిని, ఇంటికొచ్చి యూనిఫాం విప్పకుండానే సోఫా మీద పడి చనిపోతాడు. ‘లావాటివాడు, సన్ననివాడు’ కథలో రైల్వే స్టేషన్‌లో కలుసుకున్న చిన్ననాటి స్నేహితులు ముద్దులాడుకుంటారు. ఒకడు 3వ తరగతికి చేరాడని తెలియగానే రెండోవాడు, అతడు వద్దంటున్నా వినకుండా, వంగిపోయి ‘ఏలినవారు’ అనడం మొదలుపెడతాడు. ఇక్కడ దౌర్జన్యం చేసే పైవాడే లేడు, పట్టిక కిందివాడి ఒంట్లోనే కాపురం పెట్టింది. అణగారిన చిరుద్యోగుల కథలు ఇక చాలించమని 1886లో చెహోవ్ తన అన్న అలెక్సాండర్‌కు ఉత్తరం రాయడంలో వింతేమీ లేదు.

టాల్‌స్టాయ్ అదే ఏడాది ప్రచురించిన ‘ఇవాన్ ఇల్యీచ్ మరణం’ పై మెట్ల కథ. పై న్యాయస్థానంలో న్యాయమూర్తిగా ఉన్న ఇవాన్ ఇల్యీచ్ 45 ఏళ్లకే పోయాడని పత్రికలో చూసిన సహోద్యోగులకు మొదట తట్టేది ఆ ఖాళీ వల్ల ఎవరికి ఏ పదోన్నతి వస్తుందన్న లెక్క. జబ్బుపడ్డ తొలిరోజుల్లో అతడు పేరున్న వైద్యుడి దగ్గరికి వెళతాడు; ఇన్నాళ్లూ తాను ముద్దాయిల ముందు ఏ దర్పంతో కూర్చున్నాడో ఆ దర్పంతోనే వైద్యుడు తన ముందు కూర్చోవడం గమనిస్తాడు. జబ్బు ముదిరాక అతనికి సేవచేసిన వంటింటి నౌకరు గెరాసిమ్, నొప్పి తగ్గడానికని రాత్రులు అతని కాళ్లను తన భుజాలమీద మోసిన ఆ పల్లెటూరి కుర్రవాడు, 14 తరగతుల్లో దేనికీ చెందనివాడు.