పొట్టి కుక్కే కదా అనుకుంటే...
సంరక్షణ కేంద్రం నుంచి టెర్రియర్‌ను తెచ్చుకునేవారు ముందుగా ఆలోచించవలసిన సంగతులు

కొత్తవలస: గ్రామఫోను రికార్డుల కాలం ఎరిగిన ఇళ్లలో ఒక కుక్క బొమ్మ అందరికీ పరిచయమే. పెద్ద గొట్టం ముందు కూర్చుని, తల ఒక పక్కకు వాల్చి పాట వింటున్న తెల్లని పొట్టి కుక్క అది. హెచ్.ఎం.వి. రికార్డులపై ముద్రితమైన ఆ కుక్క పేరు నిప్పర్. టెర్రియర్ సంకరజాతికి చెందినది. 1884లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో పుట్టింది. ఇంటికి వచ్చినవారి పిక్కలు పట్టే అలవాటు వల్లనే దానికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. 1887లో యజమాని మరణించగా ఆయన సోదరుడు, చిత్రకారుడు ఫ్రాన్సిస్ బరాడ్ దానిని చేరదీశాడు. అది చనిపోయిన కొన్నేళ్లకు ఆయన గీసిన చిత్రమే ప్రపంచమంతటా పాకింది. అంటే మన పెద్దలు ముచ్చటగా చూసిన ఆ కుక్క ఒక ఇంట దిక్కులేనిదై మరొక ఇంటికి చేరినదే. పిక్కలు పట్టేది కూడా.

ఈ రెండు సంగతులనూ ఇప్పుడు గుర్తు చేయడానికి కారణం ఉంది. నగరాల్లోని జంతు సంరక్షణ కేంద్రాలకు వెళ్లి చూస్తే, గాయపడిన వీధికుక్కల నడుమ అప్పుడప్పుడు పొట్టి సీమకుక్కలు కూడా కనిపిస్తున్నాయి. పమేరియన్లు, పగ్‌లు, అరుదుగా టెర్రియర్లు. ఇవి వీధిలో పుట్టినవి కావు. ఎవరో వేల రూపాయలు పోసి కొని, ఆ తరువాత వదిలించుకున్నవి. బదిలీ అయిందనో, అద్దె ఇంటి యజమాని ఒప్పుకోలేదనో, చర్మవ్యాధి వచ్చిందనో రకరకాల కారణాలు చెబుతారు. 2003లో హచ్ సెల్‌ఫోను ప్రకటన వచ్చినప్పుడు పగ్‌ల కోసం జనం ఎగబడిన సంగతి పాఠకులకు తెలిసినదే. ఒక జాతిపై మోజు పుట్టిన ప్రతిసారీ, కొన్నేళ్లకు ఆ జాతి కుక్కలు రోడ్డున పడడం ఆనవాయితీగా మారింది.

నేలను తవ్వే జాతి

టెర్రియర్ అనే మాటకు మూలం లాటిన్ భాషలోని టెర్రా. నేల అని అర్థం. నక్కలు, ఎలుకలు బొరియల్లో దాగితే లోపలికి దూరి వాటిని తరమడానికి, లేదా అక్కడే చంపడానికి ఇంగ్లండు, స్కాట్లండు ప్రాంతాల్లో తరతరాలుగా ఎంచి ఎంచి పెంచిన కుక్కలివి. నేడు మన పట్టణాల్లో కొద్దిగా కనిపించే జాక్ రస్సెల్ జాతికి 19వ శతాబ్దంలో డెవన్ ప్రాంతంలో నివసించిన జాన్ రస్సెల్ అనే మతబోధకుని పేరు పెట్టారు. ఆయనకు నక్కల వేట అంటే ప్రాణం. పట్టుకుచ్చు వంటి జుట్టుతో సిగకు రిబ్బను కట్టించుకునే యార్క్‌షైర్ టెర్రియర్ సైతం మొదట బట్టల మిల్లుల్లో ఎలుకలు పట్టిన కుక్కే.

బొరియలో ఉన్న కుక్కకు యజమాని ఆజ్ఞ వినపడదు. తన బుద్ధితో తానే నిర్ణయం తీసుకోవాలి, భయపడకూడదు, పట్టిన పట్టు విడవకూడదు, ఎక్కడ ఉన్నదీ పైవారికి తెలిసేలా గట్టిగా మొరగాలి. ఈ నాలుగు గుణాల కోసమే వాటిని పెంచారు. అవే గుణాలు ఇంట్లో మొండితనంగా, పెంకితనంగా, గోలగా కనిపిస్తాయి. ఆరేడు కిలోల బరువున్నదే కదా, ఒడిలో పడుకుంటుందిలే అనుకుని తెచ్చుకున్నవారు నెల తిరగకముందే తిరిగి అప్పగించడానికి ఇదే ప్రధాన కారణం. తప్పు కుక్కది కాదు.

ఈ విలేకరి అనుభవం

2023 జూన్‌లో ఈ విలేకరి విశాఖ నగర శివారులోని ఒక సంరక్షణ కేంద్రం నుంచి ఇటువంటి కుక్కనే ఇంటికి తెచ్చుకోవడం జరిగింది. పూర్తిగా జాక్ రస్సెల్ కాదు, ఆ పోలిక ఉన్న సంకరం. ఒక చెవి నిలబడి, ఒకటి వాలి ఉంటుంది. పళ్లను బట్టి నాలుగేళ్ల వయసు ఉండవచ్చన్నారు. అప్పటికే రెండు కుటుంబాలు తీసుకువెళ్లి తిరిగి తెచ్చి అప్పగించాయి. మొదటివారు అరుపులు భరించలేకపోయారు. రెండో ఇంట్లో అన్నం తింటున్నప్పుడు చిన్నపిల్లవాడు గిన్నెలో చేయి పెడితే పంటితో పట్టింది. గాయం కాలేదు గానీ ఆ రాత్రికే వెనక్కి వచ్చింది. ఈ రెండు సంగతులనూ కేంద్రం వారు దాచకుండా చెప్పారు. మంచి కేంద్రానికి అది గుర్తు. కుక్క గతం అడిగితే మాట దాటవేసే చోట తీసుకోకపోవడమే మేలు.

దత్తత అన్న మాట వినగానే మా అమ్మగారు నవ్వారు. ‘‘కొడుకుల్లేనోళ్లు చేసుకునేది దత్తత గానీ, కుక్కకి దత్తతేట్రా?’’ అన్నారు. అయితే కేంద్రం వారు నింపించిన పత్రం చూస్తే ఆ మాట తప్పని అనిపించదు. గుర్తింపు కార్డు, చిరునామా, ఇంట్లో అందరి అంగీకారం, పగటిపూట ఇంటివద్ద ఎవరుంటారు, గొలుసుతో కట్టివేస్తారా, ఊరికి వెళ్తే ఎవరు చూస్తారు, ఎంత జీతం వస్తుంది అన్నీ అడిగారు. ‘‘మీకు కోళ్లు ఉన్నాయా?’’ అన్న ప్రశ్న కూడా ఉంది. లేవని రాశాను. నిజమే, మాకు లేవు. పక్కింటివారికి పదిహేను ఉన్నాయి. ఆ ప్రశ్న ఎందుకు అడిగారో ఆలోచించకపోవడం నా పొరపాటు.

తొమ్మిదో రోజున అది వెదురు కంచె కింద గొయ్యి తవ్వి అవతలికి వెళ్లింది. ఒక పెట్టను, నాలుగు పిల్లలను క్షణాల్లో చంపింది. తినలేదు, మెడ పట్టి విదిలించి పడవేసింది, అంతే. పొరుగింటి పెద్దావిడ చచ్చిన పెట్టను తెచ్చి మా అరుగు మీద పెట్టి, ‘‘ఏటి బాబూ, ఈపాటి కుక్కని కట్టుకోనేకపోనారా?’’ అని అడిగినప్పుడు సమాధానం చెప్పలేకపోయాను. డబ్బు ఇచ్చాను. ఆమె తీసుకున్నారు గానీ, సంక్రాంతి వరకూ మా గుమ్మం తొక్కలేదు. ఇరవై ఏళ్ల ఇరుగుపొరుగు అది. ఊళ్లో మరికొందరు, పిల్లల మీద పడకముందే పంపించివేయమన్నారు. అదే ఏడాది ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు వీధికుక్కల దాడిలో మరణించిన ఘటన అందరి మనసుల్లోనూ తాజాగా ఉంది. వారి భయాన్ని తప్పు పట్టలేం.

మూడోసారి కూడా తిరిగి వెళితే ఆ కుక్కను ఇక ఎవరూ తీసుకోరన్నది స్పష్టం. సంరక్షణ కేంద్రానికి ఫోను చేస్తే వారు తీసుకురమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. పది రోజులు ఆగి, తాము చెప్పినట్లు చేసి చూడమన్నారు. కంచె పొడవునా ఇనుప వల వేసి, దానిని అడుగు లోతు వరకు నేలలో పాతించాము. పెరటి మూలన ఇసుక పోసి తవ్వుకోవడానికి దానికో చోటు కేటాయించాము. ఉదయం, సాయంత్రం చెరువుగట్టు మీద అరగంట చొప్పున తాడుతో నడిపించాము. పొరుగువారు కోళ్లను గంప కింద కమ్మిన తరువాతనే పెరట్లోకి వదలడం మొదలుపెట్టాము. అరుపులు సగానికి సగం తగ్గాయి. కోళ్లపై ఆశ మాత్రం నేటికీ చావలేదు, చావదు కూడా. అది శిక్షణతో పోయే గుణం కాదని, గోడతో ఆపవలసినదని మాకు అప్పటికి అర్థమయింది.

కుక్కలు పెంచేవారు సాధారణంగా చెప్పుకునే ఒక లెక్క ఉంది. కొత్తింట బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి తీరు తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి మూడు నెలలు. అన్ని కుక్కలకూ ఇది వర్తించకపోవచ్చు గానీ, తొమ్మిదో రోజున తీర్పు చెప్పకూడదని మాత్రం తెలుస్తుంది. ఆ తొలి రోజుల్లో చుట్టాలను పిలిచి చూపించడం, పిల్లల చేత ఎత్తించడం, స్నానం చేయించడం వంటివి వాయిదా వేసుకోవడం మంచిది. తింటున్న కుక్క దగ్గరికి పిల్లలను వెళ్లనీయరాదు. గుర్రుమంటే కొట్టరాదు. గుర్రుమనడం హెచ్చరిక. హెచ్చరించినందుకు దెబ్బలు తిన్న కుక్క మరోసారి హెచ్చరించకుండానే కరుస్తుంది.

ఎలుకలు, వాటి వెంట వచ్చే ముప్పు

పల్లెల్లో టెర్రియర్‌కు ఒక చోట మాత్రం పేరు వస్తుంది. ధాన్యం బస్తాలు ఉంచిన గదిలో మా కుక్క తొలి ఏడాది పట్టిన ఎలుకలను చూసి అమ్మగారు సైతం మెత్తబడ్డారు. పిల్లి చేయలేని పని చేసిందన్నారు. కానీ ఇందులో రెండు ప్రమాదాలు దాగి ఉన్నాయి.

మొదటిది విషం. వరి పొలాల్లో సామూహిక ఎలుకల నిర్మూలన చేపట్టినప్పుడు బ్రోమోడయోలోన్ మందు కలిపిన నూకలను కన్నాల్లో పెడతారు. ఇది రక్తాన్ని గడ్డకట్టనీయకుండా చేస్తుంది. తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మందకొడిగా తిరుగుతుంది. అటువంటి ఎలుకలను పట్టి తిన్న కుక్కకూ ఆ విషం ఎక్కవచ్చు. చిగుళ్లు పాలిపోవడం, ముక్కునుంచి గాని మలంలో గాని రక్తం పడడం, నీరసం కనిపిస్తే గంట కూడా ఆలస్యం చేయరాదు. దీనికి విటమిన్-కె విరుగుడు. పశువైద్యునికి ‘ఎలుకల మందు’ అని ముందే చెప్పాలి. ఊళ్లో మందు పెట్టే రోజులు తెలుసుకుని ఆ వారమంతా కుక్కను కట్టుకోవడం ఉత్తమం.

రెండోది ఎలుక జ్వరం. ఎలుకల మూత్రం ద్వారా వ్యాపించే ఈ వ్యాధి కుక్కలకూ, వాటి నుంచి మనుషులకూ సోకగలదు. దీనికి టీకా ఉంది. కుక్కలకు ఏటా వేయించే టీకాల్లో అది కలిసి ఉన్నదీ లేనిదీ అడిగి తెలుసుకోవాలి.

వీటికంటే తరచుగా ఎదురయ్యేవి గోమార్లు. కొన్నిచోట్ల పిడుదులు అంటారు. మన వాతావరణంలో ఏడాది పొడవునా ఉంటాయి. వీటి కాటు వల్ల వచ్చే జ్వరం కుక్కల ప్రాణం తీయగలదు. మా కుక్క మూడో నెలలో రెండు రోజులు అన్నం ముట్టలేదు. అలిగిందనుకున్నాము. రక్తపరీక్షలో గోమార్ల జ్వరమని తేలింది. నాలుగు వారాలపాటు మాత్రలు వాడవలసి వచ్చింది. అన్నం ముట్టని టెర్రియర్‌ను అలిగిందని ఎప్పుడూ అనుకోకూడదు.

తిండి విషయంలో పెద్ద ఇబ్బంది లేదు. ఉప్పు కారం లేని అన్నం, గుడ్డు, ఎముకలు తీసిన ఉడికించిన మాంసం సరిపోతాయి. ఉడికించిన కోడి ఎముకలు పేళ్లుగా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ కుక్కలకు విషమే. ఎండుద్రాక్ష కూడా అంతే. పండుగపూట పాయసం గిన్నె నాకించే అలవాటు ఉన్నవారు ఇది గుర్తుంచుకోవాలి. రోహిణి ఎండల్లో మధ్యాహ్నం బయట తిప్పరాదు.

రేబిస్ విషయంలో రాజీ లేదు

సంరక్షణ కేంద్రం నుంచి తెచ్చుకునేటప్పుడు కుక్కతోపాటు టీకాల కార్డు తప్పనిసరిగా తీసుకోవాలి. సాధారణంగా పిల్లకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా, ఆ తరువాత వైద్యుడు చెప్పిన గడువులో మరో మోతాదు, అక్కడినుంచి ఏటా ఒకటి వేయిస్తారు. కార్డు లేకపోతే టీకా పడలేదనే భావించి మళ్లీ వేయించాలి. జులై 6న జంతువుల నుంచి సోకే వ్యాధుల దినం, సెప్టెంబరు 28న ప్రపంచ రేబిస్ దినం సందర్భంగా పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేసే శిబిరాలు జరుగుతుంటాయి. 1885 జులై 6న లూయీ పాశ్చర్ కుక్క కరిచిన బాలునికి తొలిసారిగా రేబిస్ టీకా వేయించాడు. ఆ తేదీకి అదే కారణం.

పెంపుడు కుక్క కరిచినా, పంటి గీత పడి రక్తం వచ్చినా గాయాన్ని వెంటనే పారే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలపాటు కడగాలి. పసరు, సున్నం, కారం పెట్టే అలవాటు పల్లెల్లో ఇంకా పోలేదు. అవి గాయాన్ని పుండు చేయడం తప్ప వైరస్‌ను ఏమీ చేయలేవు. కడిగిన వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. చర్మంలోకి వేసే టీకా అయితే మొదటి రోజు, ఆపై 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. గాయం లోతుగా ఉంటే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరమవుతుంది. నొప్పి తగ్గింది కదా అని మధ్యలో మానరాదు. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత ప్రాణం నిలవడం దాదాపు అసాధ్యం.

ఎక్కడ అడగాలి

హైదరాబాద్‌లో 1992 నుంచి బ్లూక్రాస్, విశాఖపట్నంలో 1996 నుంచి విశాఖ జంతు సంరక్షణ సంఘం పనిచేస్తున్నాయి. ఇటువంటి చోట్ల టెర్రియరే కావాలని పట్టుపడితే నెలల తరబడి ఎదురుచూడవలసి రావచ్చు. ఈ విలేకరి అభిప్రాయంలో పొట్టి కుక్క కావాలనుకునే పల్లెవాసులకు ఊరకుక్క పిల్లే అనుకూలం. మన ఎండకు తట్టుకుంటుంది, మన కోళ్ల మధ్యనే పుట్టి పెరుగుతుంది. వీధికుక్కల విషయమై 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో కూడా, ఆసక్తి ఉన్నవారు నగరపాలక సంస్థకు దరఖాస్తు చేసి వాటిని దత్తత తీసుకోవచ్చునని, అయితే అవి తిరిగి వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వారిదేనని పేర్కొంది.

కొనదలచినవారు 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనలను తెలుసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. తల్లిపాలు విడవని పిల్లలను అట్టపెట్టెలో పెట్టి అమ్మేవారి వద్ద కొనడమంటే జబ్బును కొనితెచ్చుకోవడమే.

తెచ్చుకున్న కుక్కను నిజంగానే ఉంచుకోలేని పరిస్థితి వస్తే ఇచ్చిన చోటికే తిరిగి తీసుకువెళ్లాలి. సంరక్షణ కేంద్రాల పత్రాల్లో ఈ షరతు సాధారణంగా ఉంటుంది. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఆకలిదప్పులకు గురయ్యే విధంగా జంతువును వదిలివేయడం మాత్రం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం చేసిననాడు మొదటి తప్పుకు నిర్ణయించిన జరిమానా రూ.50 వరకు. బహుశా అందువల్లనే కావచ్చు, జాతీయ రహదారి పక్కన దాబాల వద్ద మెడలో పట్టీ ఉన్న కుక్కలు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి. అటువంటిది కనిపిస్తే పట్టీ చూసి నమ్మి ఎత్తుకోవద్దు. దానికి టీకా పడిందో లేదో చెప్పేవారు అక్కడ ఎవరూ ఉండరు. దూరం నుంచి నీళ్లు పెట్టి, సమీప సంరక్షణ కేంద్రానికి గాని, పశువైద్యశాలకు గాని ఫోను చేయాలి.