వలలో చేప, ఒడ్డున పులి

చేపలు పట్టుట అనగానే మనలో చాలామందికి చెరువుగట్టున గాలము వేసికొని నిశ్చింతగా కూర్చున్న మనిషి రూపము కన్నులయెదుట నిలుచును. ఓర్పు తప్ప వేరే పెట్టుబడి అక్కరలేని పని అని దానికి పేరు. కాని ఆ గాలమునే నమ్ముకొని ఇంటిల్లిపాదీ బ్రతుకవలసిన చోట, ఆ నీటికి మరియొక యజమాని కూడ ఉన్న చోట, అదే పని ప్రాణములతో చెలగాటమగుచున్నది. అట్టి ప్రదేశములలో మన దేశమున మొట్టమొదట చెప్పదగినది సుందరవనము.

గంగా, బ్రహ్మపుత్రా, మేఘనా నదులు సముద్రములో కలియు చోట ఏర్పడిన ఈ మడ అడవి దాదాపు 10,000 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించి ఉన్నది. అందులో నూటికి అరవై వంతులు బంగ్లాదేశ్‌లోను, మిగిలినది పశ్చిమ బెంగాల్‌లోను ఉన్నవి. మన దేశపు భాగములోని 102 ద్వీపములలో 54 ద్వీపములయందు జనులు కాపురముండగా, తక్కినవి అడవికే చెందినవి. 1973లో ఈ అడవిలో కొంత భాగము పులుల రక్షిత ప్రాంతమైనది. 1984లో జాతీయోద్యానము ఏర్పడినది. 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలోనికి ఎక్కినది. రోజునకు రెండు మార్లు సముద్రము ఈ అడవిలోనికి వచ్చి పోవును. పోటు వచ్చినపుడు నేల కనబడదు. నీరు తీసినపుడు మోకాలిలోతు బురద, ఆ బురదలోనుండి మేకులవలె పొడుచుకొని వచ్చిన శ్వాసవేర్లు మిగులును. అక్కడ మనిషి పరుగెత్తలేడు. పులికి ఆ ఇబ్బంది అంతగా లేదు. పైగా అది వెడల్పైన నదీపాయలను సైతము సునాయాసముగ ఈదగలదు.

ఈ భయము నిన్న మొన్నటిది కాదు. ఔరంగజేబు కాలమున మన దేశమునకు వచ్చిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే గంగాముఖద్వారములలో పడవ ప్రయాణము చేసెను. రాత్రివేళ పడవను ఒడ్డునకు దూరముగ నిలుపుకొనవలెననియు, నిద్రించుచున్నవారి నడుమకు పులి వచ్చి ఒకరిని ఎత్తుకొనిపోవుట కద్దనియు, అట్లు పోవువాడు తరచు ఆ జట్టులో బాగుగ బలిసినవాడేననియు చెప్పుకొందురని అతడు వ్రాసినాడు. చివరి మాట విని పడవవాండ్రు అతనితో పరిహాసమాడినారేమో అని నా అనుమానము. ఈ యాత్రికుడే అనంతరము మన మచిలీపట్నమును, గోల్కొండను కూడ చూచినాడు.

అసలు ప్రమాదము ఎక్కడ ఎదురగునో తెలియవలెనన్న, అక్కడివారు పని చేయు తీరును గమనింపవలెను. పెద్ద నదులలో వల వేయువారికి కొంత రక్షణ గలదు, ఒడ్డు దూరము గనుక. పీతలు పట్టువారి సంగతి వేరు. పొడవైన త్రాటికి వరుసగ ఎరముక్కలు కట్టి నీటిలో విడిచి, కొంతసేపటికి మెల్లగ పైకి లాగుదురు. ఎరను వదలని పీతను చిక్కముతో అందుకొందురు. పీతలు దండిగా దొరకునది ఇరుకైన కాలువలలో, గట్టునకు దగ్గరగనే. పడవ చిన్నది, అందులో ఇద్దరో ముగ్గురో మనుషులు. త్రాటివైపు వంగి, కన్నులు నీటిపై నిలిపి, వీపు అడవివైపు పెట్టి కూర్చుందురు. గట్టున హెంతాల్ అను ఈతజాతి పొదలు దట్టముగ పెరిగియుండును. పండిన ఆకుల పసుపు, వాటి నడుమ నీడల నలుపు. ఆ రంగులలో పులి చారలు కలిసిపోవును. అది చాలసేపు పడవను కనిపెట్టియుండి, వెనుకనుండి మెడపై పడును. తోటివారికి తెలియునప్పటికే పని ముగియును. అయినను తెడ్లతో, కర్రలతో పులిని కొట్టి మనిషిని విడిపించుకొన్నవారు లేకపోలేదు. శవమునైనను ఇంటికి చేర్చవలెనను తెగింపు వారిది.

నీటిలోను క్షేమము లేదు. రొయ్యపిల్లలను పట్టుటకై స్త్రీలు, పిల్లలు నడుములోతు నీటిలో సన్నని వలలు లాగుకొనుచు గంటల తరబడి నడతురు. వారికి ఉప్పునీటి మొసలి, సొరచేప శత్రువులు.

మన గోదావరి ముఖద్వారమున కోరింగ మడ అడవులను చూచినవారికి ఈ వర్ణనలో చెట్లు, బురద, కాలువలు పరిచితముగనే తోచును. కాని అక్కడ పులి లేదు. చేపలకై నీటిలోనికి దిగు బావురుపిల్లి యున్నది. అది మనిషి అలికిడి విన్నంతనే తొలగిపోవు జీవి. చెట్లు అవే, బురద అదే, బెస్తవాని రాత్రి మాత్రము వేరు.

సుందరవనపు పులి మనిషిపై ఇంతగ తెగబడుటకు కారణమేమి? ఉప్పునీరు త్రాగుటవలన దాని స్వభావము చెడినదని 1970 దశకమున హెండ్రిక్స్ అను జర్మన్ శాస్త్రజ్ఞుడు సూచించెను. ఆ ఊహను నమ్మి అటవీశాఖవారు మంచినీటి గుంటలు త్రవ్వించిరి. పులి తన హద్దులకు గుర్తుగా విడుచు వాసనలను పోటునీరు దినమునకు రెండుమార్లు కడిగివేయుటచే, అది ఎల్లప్పుడు అనుమానముతోనే తిరుగునని మరికొందరి వాదము. ఏదియు రుజువు కాలేదు. నా మట్టుకు నాకు, తన ఇంటిలోనికి ప్రతిదినము ఒంటరిగా వచ్చి వీపు చూపి కూర్చుండు ప్రాణిని ఆహారముగ ఎంచుటకు పులికి ఇంతకన్న గొప్ప కారణము కావలెనా అనిపించును.

1986లో మొదలైన ఒక ప్రయోగము మన విద్యార్థులకు ఆసక్తి కలిగింపగలదు. పులి వెనుకనుండియే దాడి చేయును గదా, తల వెనుక మనిషి ముఖపు ముసుగు తగిలించినచో అది మోసపోదా అని కలకత్తాలోని ఒక విజ్ఞాన సంఘపు విద్యార్థికి తోచినది. రమారమి 2,500 మందికి ముసుగులు పంచిరి. కొంతకాలము ముసుగు ధరించినవారిపై దాడి జరుగలేదు. తరువాత పులులు ఈ మాయను గ్రహించినవని అక్కడివారు చెప్పుదురు. వాడిన బట్టలు తొడిగి, విద్యుత్తు తీగలు చుట్టిన మట్టిబొమ్మలను కూడ పెట్టి చూచిరి. ఊళ్ళలోనికి పులులు రాకుండ ఆపుటలో మాత్రము అడవి అంచున కట్టిన నైలాను వలలు బాగుగ పనికివచ్చినవి. కాని ఆ వలలను దాటి మనిషే అడవిలోనికి పోవుచుండగా అవి యేమి చేయగలవు?

అక్కడి జాలరి నమ్మకము బనబీబీపైన. మక్కానుండి తన సోదరుడు షా జంగలీతో కూడి వచ్చి, పులిరూపమున తిరుగు దక్షిణరాయుని గర్వమణచిన వనరక్షకురాలు ఆమె. హిందువులు, ముస్లిములు ఆమెను సమానముగ కొలుతురు. ఆమె కథాగ్రంథము బెంగాలీ భాషలో నున్నను, పుటలు మాత్రము అరబ్బీ, ఉర్దూ పుస్తకములవలె కుడినుండి ఎడమకు తెరువబడును. అత్యాశ లేకుండ, వట్టి చేతులతో, అవసరమైనంత మాత్రమే తీసికొనుటకు వచ్చినవానిని ఆమె కాపాడునని విశ్వాసము. భర్త అడవిలో నున్నన్నాళ్ళు భార్య తల దువ్వుకొనక, అలంకరించుకొనక, వితంతువువలె గడుపు ఆచారము పలు కుటుంబములలో నుండెను.

ఇంత తెలిసియు ఏల పోవుదురని అడుగుట సులభము. 2009లో ఐలా తుపాను గట్లను తెగగొట్టి పొలములలోనికి ఉప్పునీటిని తెచ్చినది. పంట పండని రైతు పీతల పడవ ఎక్కినాడు. అడవిలో చేపలు పట్టుటకు పడవలకు ఇచ్చు అనుమతి పత్రములు పరిమితములు. అవి లేనివాడు వేరొకరి పత్రమును అద్దెకు తెచ్చుకొనును, లేదా దొంగచాటుగ పోవును. నిషిద్ధ ప్రాంతమున పులివాత పడినవాని కుటుంబమునకు పరిహారము దొరకకపోవుట అటుంచి, శిక్షకు భయపడి మరణమునే దాచిన సందర్భములు కలవు. ఇటీవలి సంవత్సరములలో కొందరు వితంతువులు కలకత్తా ఉన్నత న్యాయస్థానమును ఆశ్రయింపగా, మరణము ఎక్కడ జరిగినదను వాదముతో నిమిత్తము లేకుండ పరిహారము చెల్లింపవలెనని తీర్పు వెలువడినది. అది న్యాయమని నా దృఢ విశ్వాసము. పులిని కాపాడుటకు దేశమంతయు గర్వించుచుండగా, అందుకైన మూల్యమును ఆ కొద్ది ద్వీపములవారే చెల్లించుట తగదు గదా!

అట్టి స్త్రీలను అక్కడ బాఘ్ బిధబా, అనగా పులి విధవ, అని పిలుతురు. భర్తను మింగినదను నింద కూడ వారిపై పడును. వారిలో పలువురు బిడ్డల పోషణకై, భర్త విడిచిపోయిన త్రాటినే తీసికొని, అవే కాలువలలో పీతలు పట్టుచున్నారు.