ఓవెన్ సౌండ్‌లో దొరికిన పేద్ద సంఖ్య

పిల్లలూ, తెలుగులో మీకు ఎంతవరకు లెక్కపెట్టడం వచ్చు? నూరు, వెయ్యి, లక్ష, కోటి... ఇక్కడిదాకా వచ్చారంటే భేష్! కానీ ఇప్పుడు చెప్పబోయే సంఖ్యకి కోటి ఏ మూలకీ చాలదు.

అది దొరికింది మన కెనడాలోనే. ఒంటారియోలో జార్జియన్ బే ఒడ్డున ఓవెన్ సౌండ్ అనే చిన్న ఊరుంది. 2001 నవంబరులో ఆ ఊరి కుర్రాడు మైకేల్ కామెరాన్ కంప్యూటర్ దాన్ని పట్టుకుంది. అప్పటికి అతనికి ఇరవై ఏళ్ళు. "కంప్యూటర్ ఎలాగూ రోజంతా ఆన్‌లోనే ఉంచుతావు కదా, దానికేదైనా పని చెప్పు" అన్నట్టుగా ఒక స్నేహితుడు సలహా ఇస్తే, ప్రధాన సంఖ్యలు వెతికే ప్రోగ్రాం పెట్టాడు. అంతే!

ప్రధాన సంఖ్య గుర్తుంది కదా? 1తోనూ, తనతోనూ తప్ప ఇంక దేనితోనూ శేషం లేకుండా భాగించలేం. 7 ప్రధాన సంఖ్య. 15 కాదు, ఎందుకంటే 15 = 3 × 5.

మైకేల్ కంప్యూటర్ పట్టిన సంఖ్య ఇది:

2¹³⁴⁶⁶⁹¹⁷ − 1

అంటే 1,34,66,917 రెండ్లని వరసగా రాసి, అన్నిటినీ గుణించి, చివర్లో 1 తీసెయ్యాలి. కామాలు చూశారా? మీ బడిలో 13,466,917 అని రాస్తారు. మనవాళ్ళు కోటి ముప్పై నాలుగు లక్షల అరవై ఆరు వేల తొమ్మిది వందల పదిహేడు అంటారు. ఒక్కసారి పైకి చదవండి!

జవాబులో ఎన్ని అంకెలున్నాయో తెలుసా? 40,53,946. పేజీకి 2,000 అంకెల చొప్పున అచ్చువేస్తే 2,027 పేజీల పుస్తకం అవుతుంది. అమ్మమ్మకి ఫోన్‌లో సెకనుకి ఒక అంకె చొప్పున చదివి వినిపిస్తే, నిద్ర, తిండి లేకుండా దాదాపు 47 రోజులు పడుతుంది. పాపం అమ్మమ్మ!

ఇలా రెండ్లని గుణించి 1 తీస్తే వచ్చే ప్రధాన సంఖ్యలని మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు. మెర్సెన్ 17వ శతాబ్దపు ఫ్రెంచి సన్యాసి. చిన్నవి మీరే చేయొచ్చు: 2² − 1 = 3, 2³ − 1 = 7, 2⁵ − 1 = 31. పైన ఉన్న చిన్న అంకె ప్రధాన సంఖ్య కాకపోతే జవాబూ కాదు: 2⁴ − 1 = 15. మరి పైన ప్రధాన సంఖ్య ఉంటే చాలా? చాలదు! 11 ప్రధాన సంఖ్యే, కానీ 2¹¹ − 1 = 2047 = 23 × 89. అందుకే ఒక్కొక్కటీ పరీక్షించి చూడాల్సిందే. మైకేల్‌ది ఈ వరసలో 39వది.

ఇప్పుడు తమాషా. అన్ని లక్షల అంకెల్లో చివరి అంకె ఏదో కాగితం మీద కనుక్కుందామా? 2, 4, 8, 16, 32, 64... చివరి అంకెలు 2, 4, 8, 6, మళ్ళీ 2, 4, 8, 6. నాలుగేసి చొప్పున తిరుగుతున్నాయి! కాబట్టి 1,34,66,917ని 4తో భాగించండి. (చివరి రెండు అంకెలు 17ని భాగిస్తే చాలు, ఎందుకంటే 100లో నాలుగులు సరిగ్గా పడతాయి.) శేషం 1. అంటే వరసలో మొదటిది, 2. అందులోంచి 1 తీస్తే 1. కామెరాన్ సంఖ్య 1తో ముగుస్తుంది!

మీరు చేయండి: 2003లో ఇంకా పెద్దది దొరికింది, 2²⁰⁹⁹⁶⁰¹¹ − 1. దాని చివరి అంకె ఏది? జవాబుని తెలుగు అక్షరాల్లో రాయండి.